పాత ట్రాలీ జాకీ బండిని లేపుతుండాది కానీ నిలబెట్టట్లా, నిదానంగా దిగిపోతుండాది. ఎవరన్నా దారి చెప్పండి

కావలి టైర్లంగడి

అన్నలకీ అక్కలకీ నమస్తే. మాది కావలి పక్కన, హైవే సర్వీసు రోడ్డు మీద చిన్న టైర్లంగడి, నాయన పెట్టినాడు, ఇప్పుడు నేనూ ఇంకో పిల్లోడూ చూసుకుంటుండాం. మా దగ్గర పాత ట్రాలీ జాకీ ఒకటుండాది, 3 టన్నులది, పొడుగ్గా మొసలి మాదిరి ఉంటదే ఆ రకం. పేరు బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది, ఏ కంపెనీదో తెలవదు. నాయన చెన్నైలో పుదుప్పేటలో పాత సామాన్ల మధ్య చూసి కొని పినాకిని రైలెక్కించి తెచ్చినాడంట, అప్పటికి నేను పుట్టలా. ఇద్దరు పట్టుకుంటే గానీ పైకి లేవదు, అంత బరువు.

ఇప్పుడు దీని బాధ ఏందంటే, హ్యాండిల్ కొడితే బండి బాగానే లేస్తుండాది, లేపడంలో ఏ లోటూ లేదు, కొట్టడం ఆపితే మాత్రం నిలబడట్లా. గబుక్కున పడిపోదు, చూస్తా ఉంటే కూడా తెలవదు, నట్లు విప్పి చక్రం తీసి పక్కన పెట్టి తలెత్తి చూసేసరికి నాలుగు వేళ్ళు దిగిపోయుంటది. మొన్న ఆదివారం తిరుపతి పోయేవాళ్ళ ఇన్నోవా ఒకటి వచ్చింది, పిల్లలూ పెద్దోళ్ళూ అందరూ చెట్టుకింద నిలబడుండారు, నేను ముందు చక్రం తీసి అలవాటుగా దాన్ని బండి కిందకి పడుకోబెట్టి టైరు కోసం లోపలికి పోయొచ్చినా. వచ్చేసరికి బండి ఆ చక్రం మీద కూర్చోనుండాది. అది లేకపోతే డిస్కు సిమెంటు మీద కూర్చునేది. అంతకు ముందు ఒక నిమిషం నా చెయ్యి ఆడే ఉండాది. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలా.

ఆయిల్ తగ్గిందేమోనని పోసి చూసినా, గాలి పట్టిందేమోనని హ్యాండిల్ కొట్టి గాలి తీసినా, మార్పు లేదు. పాత ఇనుము వాళ్ళు కిలో 30 రూపాయల లెక్కన ఇస్తామంటుండారు. నాయనకి అది ఇష్టం లేదు, నాకూ లేదు. బాగయ్యే పనైతే బాగు చేసుకుంటా, నమ్మకం లేదంటే చెప్పండి, కొత్తది తెచ్చుకుంటా.

ఒంగోలు పాత మెకానిక్

అబ్బాయ్, తొందరపడి విప్పబాక. జాకీ దిగిపోతందంటే లోపల ఆయిలు ఏదో ఒక దారిన వెనక్కి పోతందని అర్థం, ఆ దారులు ఎన్నో లేవు, నాలుగే. బండి దించడానికి వదులు చేసే రిలీజ్ వాల్వు దగ్గర, పంపుకీ పెద్ద సిలిండరుకీ మధ్య ఆయిలు వెనక్కి రాకుండా ఆపే చిన్న ఇనప బాల్ దగ్గర, పెద్ద పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీలు దగ్గర, ఇక ఓవర్‌లోడ్ వాల్వు దగ్గర. ఏ దారో తెలుసుకోకుండా విప్పితే అన్నీ మార్చి కూడా అట్టాగే ఉండిద్ది, నేను లారీ షెడ్డులో పనిచేసేటప్పుడు ఇట్టా మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించిన జాకీలు చూశా.

ముందు హ్యాండిల్ ఊడదీసెయ్. ట్రాలీ జాకీలో హ్యాండిల్ తిప్పితే కింద రిలీజ్ వాల్వు తిరిగేది ఒక చిన్న జాయింటు ద్వారా, ఆ పిన్ను అరిగితే నువ్వు పైన బిగించాననుకుంటావు కానీ కింద వాల్వు ఇంకో పావు తిరుగుడు వదులుగానే ఉండిద్ది. ప్లయరుతో వాల్వు మొనని నేరుగా పట్టుకుని కుడి వైపుకి బిగించి బండి లేపి చూడు. మరీ పెనుగులాడి బిగించొద్దు, సీటు, అంటే లోపల బాల్ కూర్చునే చోటు, చెడిద్ది. దీంతో నిలబడిందా, నీ పని పిన్ను మార్చడమే.

నిలబడకపోతే, బండి జాకీ మీద ఉన్నప్పుడు హ్యాండిల్‌ని కిందకి నొక్కి వదిలిపెట్టి పక్కన నిలబడి చూడు. దానంతట అదే పైకి లేస్తా ఉంటే మధ్య బాల్ పట్టట్లేదు, పెద్ద సిలిండరులో ఆయిలు పంపులోకొచ్చి దాన్ని తోస్తంది. హ్యాండిల్ కదలకుండా బండి మాత్రం దిగితే రిలీజ్ వాల్వో పెద్ద సీలో. పిస్టన్ రాడ్డు బయటికొచ్చే చోట వేలు పెట్టి తుడువు, తడి తగిలితే సీలు మీద అనుమానం పెట్టుకో, కానీ కొన్ని జాకీల్లో సీలు దాటిన ఆయిలు బయటికి రాకుండా లోపల ట్యాంకులోకే పోయిద్ది, కాబట్టి తడి లేదని సీలు బాగుందని అనుకోబాక.

ఇంకోటి, జాకీ చేయి, అంటే బండిని ఎత్తే పొడుగు ఇనప భాగం, పూర్తిగా దించి, వాల్వు రెండు మూడు తిరుగుళ్ళు వదులు చేసి, హ్యాండిల్ గబగబా ఒక ఇరవై సార్లు నిండుగా కొట్టు. సీటు మీద ఏదైనా చిన్న నలక ఇరుక్కుని ఉంటే ఆయిలు వేగానికి కొట్టుకుపోయిద్ది. చాలా జాకీలు ఈ పనితోనే బాగుపడతాయి. చూసి చెప్పు. బండి కింద ఏదో ఒకటి అడ్డం పెట్టకుండా మాత్రం ఈ పరీక్షలేవీ చెయ్యబాక.

కందుకూరు ట్రాక్టరు

తమ్ముడూ మా ట్రాక్టరు ట్రక్కు జాకీకి ఇదే రోగం వస్తే గేరాయిల్ 90 పోశాను, రెండేళ్ళ నుంచి బాగానే ఉంది. ఆయిలు పలచగా ఉంటే సందుల్లోంచి జారిపోతది, చిక్కంది పోస్తే ఆగుద్ది. విప్పే పని లేదు, 200 రూపాయలతో అయిపోద్ది, చేసి చూడు.

చీమకుర్తి క్వారీ

కందుకూరు అన్నా, మీ జాకీకి పనిచేసుండొచ్చు, కాదనట్లేదు, కానీ టైర్లంగడిలో రోజుకి పదిసార్లు మనిషి చెయ్యి పెట్టే జాకీకి ఆ పని వద్దని నా మనవి. నేను చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ మిషన్ల హైడ్రాలిక్ పని చేస్తన్నా, ఎందుకు వద్దంటన్నానో చెప్తాను.

ట్రాలీ జాకీలో చేయి పొడుగు, పిస్టన్ తోసే వైపు పొట్టి, కాబట్టి చక్రం దగ్గర టన్ను బరువుంటే లోపల పిస్టన్ మీద అంతకు కొన్ని రెట్లు పడతది. పిస్టన్ 40 ఎంఎం ఉండి దాని మీద 5 టన్నుల తోపుడు పడిందనుకోండి, చదరపు సెంటీమీటరుకి 400 కిలోల ప్రెషరు. టైర్లంగడి తమ్ముడు లారీ టైరుకి 110, 120 పౌండ్ల గాలి పెడతాడు కదా, అది ఇదే లెక్కన 8 కిలోలు. అంటే లారీ టైరుకి 50 రెట్లు. అంత ఒత్తిడిలో బాల్ కింద వెంట్రుకంత గీత ఉన్నా ఆయిలు పోతది. చిక్కటి ఆయిలు పోస్తే ఆ గీత పూడదు, కారడం నిదానమవుతది అంతే. నాలుగు నిమిషాల్లో దిగేది ఇరవై నిమిషాల్లో దిగుద్ది. నాకు అదే ఎక్కువ భయం, ఎందుకంటే గబగబా దిగే జాకీని మనిషి నమ్మడు, నిదానంగా దిగేదాన్ని నమ్మి కిందకి పోతాడు.

ఇంకో సంగతి, గేరాయిలు 90 జాకీ ఆయిలు కంటే అయిదారు రెట్లు చిక్కన. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బాల్ ఆ ఆయిల్లో తేలి వెంటనే సీటు మీద కూర్చోదు, పంపు సరిగ్గా నిండదు, సగం స్ట్రోకులు వృథా. జాకీకి హైడ్రాలిక్ ఆయిలు 32 నంబరు చాలు. మా మిషన్లకి ఎండల వల్ల 68 వాడతాం, జాకీకి అంత అక్కర్లేదు, మరీ కావాలంటే 46 పొయ్యండి.

టైర్లంగడి తమ్ముడూ, ఒకటి గమనించు. పొద్దున పూట ఎంతసేపు నిలబడుతుంది, మధ్యాహ్నం ఎండలో ఎంతసేపు నిలబడుతుంది? ఈ రెండింటికీ బాగా తేడా ఉంటే సన్నటి సందులోంచి నిదానంగా కారుతున్నట్టు. 32 అనే నంబరే 40 డిగ్రీల దగ్గర కొలిచిన చిక్కదనం, ఆ పైన ఎంత వేడెక్కితే అంత పలచన. ఇంకా, నువ్వు పోసిన ఆయిలు ఏది?

కావలి టైర్లంగడి

అందరికీ దండాలు. ఒంగోలన్న చెప్పినట్టే చేసినా. ముందు పాత మారుతి 800 దొరికితే దాని కింద రెండు చక్రాలు పడుకోబెట్టి ఆ పైన లేపినా. హ్యాండిల్ తీసి ప్లయరుతో వాల్వు బిగించినా, అయినా దిగింది. హ్యాండిల్ నొక్కి వదిలి చూసినా, ఒక్క నూలు కూడా లేవలా, ఉన్నచోటే ఉండాది, బండి మాత్రం దిగతా ఉండాది. రాడ్డు దగ్గర తుడిస్తే గుడ్డకి తడి తగిలింది, కానీ బొట్టు కారేంత లేదు. గబగబా ఇరవై కాదు ముప్పై సార్లు కొట్టినా, మార్పు లేదు.

చీమకుర్తన్న అడిగింది నిజమే. పొద్దున ఏడింటికి పది నిమిషాలు పట్టింది నాలుగు వేళ్ళు దిగడానికి, మధ్యాహ్నం రెండింటికి మూడు నిమిషాలే. అంగడి ముందు రేకుల కింద జాకీ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటది.

ఇక ఆయిలు సంగతి. మీరు అడిగినాక పిల్లోణ్ణి గట్టిగా అడిగినా. నేను పోసింది హైడ్రాలిక్ ఆయిలే, కానీ అంతకు నాలుగు నెలల ముందు తగ్గిందని వాడు రబ్బరు బిరడా తీసి అంగట్లో సగం మిగిలిన బ్రేక్ ఆయిల్ డబ్బా పోసేసినాడంట. వాడు చిన్నోడు, తెలవక చేసినాడు, ఎట్టా ఉన్నా ఏది పొయ్యాలో చెప్పాల్సింది నేను. దిగడం మొదలైంది కూడా ఆ తర్వాతే. దానివల్లేనా?

ఒంగోలు సీల్స్ అక్క

తమ్ముడూ, దానివల్లే. మాది ఒంగోల్లో ఆయిల్ సీల్స్, ఓ రింగుల (ఆయిలు కారకుండా వేసే గుండ్రటి రబ్బరు రింగులు) షాపు, మా మామగారి కాలం నుంచి. ఈ బ్రేక్ ఆయిల్ కేసులు నెలకి ఒకటన్నా మా కౌంటరు దగ్గరకొస్తాయి.

రబ్బరు అంతా ఒకటి కాదు. జాకీలో ఉండేది నైట్రైల్ రబ్బరు, లేకపోతే పాలియురెథేన్, ఇవి మామూలు మినరల్ ఆయిల్లో ఏళ్ళ తరబడి ఉంటాయి. బ్రేక్ ఆయిల్ అనేది పేరుకే ఆయిలు, అది గ్లైకాల్, నైట్రైల్‌ని ఉబ్బించి మెత్తగా చేసేస్తుంది. బ్రేకుల్లో ఉండే కప్పులు వేరే రబ్బరు, ఈపీడీఎం, అవి బ్రేక్ ఆయిల్లో బాగుంటాయి, మినరల్ ఆయిలు తగిలితే అవి ఉబ్బుతాయి. సరిగ్గా తిరగేసినట్టు. అందుకే నిన్ను ముందే హెచ్చరిస్తున్నా, స్పేర్ పార్ట్స్ షాపుకెళ్ళి సైజు సరిపోయిందని బ్రేకు వీల్ సిలిండర్ కప్పు తెచ్చి జాకీలో వేస్తారు చాలామంది, పది రోజులు బ్రహ్మాండంగా పనిచేసి పదకొండో రోజు ఇరుక్కుపోతుంది. అది వెయ్యొద్దు.

నమ్మకం కుదరాలంటే ఒక పని చెయ్యి. జాకీలో ఆయిలంతా గాజు సీసాలోకి వంపి రాత్రంతా కదపకుండా పెట్టు. ఈ రెండూ కలవవు. బ్రేక్ ఆయిల్ బరువెక్కువ, కిందకి దిగుతుంది, మినరల్ ఆయిలు పైన తేలుతుంది. పొద్దునకి రెండు పొరలు కనపడతాయి. ట్యాంకులో కూడా ఇదే జరుగుతుంది, పంపు పీల్చుకునేది అడుగునుంచి కాబట్టి సీలుకి ముందు అందేది ఆ బ్రేక్ ఆయిలే. పైగా అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, మన సముద్రం పక్క ఊళ్ళలో ఇక చెప్పక్కర్లేదు, లోపల తుప్పు పట్టి ఉంటుంది చూడు.

విప్పడం తప్పదు. విప్పినాక ఇనుప భాగాలన్నీ ముందు సబ్బు నీళ్ళతో కడుగు, బ్రేక్ ఆయిల్ నీళ్ళల్లో కరుగుతుంది, కిరసనాయిలుకి సరిగ్గా పోదు. కడిగిన వెంటనే నీ కంప్రెసరు గాలితో ప్రతి బెజ్జం ఆరబెట్టి, అప్పుడు కిరసనాయిలుతో ఇంకోసారి కడిగి, కొత్త హైడ్రాలిక్ ఆయిలు పూసెయ్, గంటసేపు వదిలేసినా తుప్పు మొదలవుతుంది.

సీలు కొలిచేటప్పుడు పాత సీలుని కొలవొద్దు. ఇది మా షాపులో రోజూ చెప్పే మాట. ఉబ్బిన సీలు 40 దాన్ని 42 చూపిస్తుంది, ఆ కొలతకి తీసుకుంటే లోపలికి దూరదు, సుత్తితో దూరిస్తే పెదవి, అంటే సీలు పలచటి అంచు, తెగుతుంది. ఇనుమునే కొలువు. సిలిండరు లోపలి బోరు ఎంత, పిస్టన్ మీద గాడి అడుగున ఎంత, గాడి వెడల్పు ఎంత, ఈ మూడూ వెర్నియర్‌తో రాసుకునిరా. ఓ రింగులు అడిగేటప్పుడు 90 హార్డ్‌నెస్ అని అడుగు, మామూలుగా ఇచ్చేది 70, ఆ ప్రెషరుకి మెత్తనైపోతుంది.

ఉలవపాడు డ్రైవరు

ఈ మాటల మధ్యలో ఒక్క సంగతి చెప్పి పోతాను. మా బాబాయి ట్రాక్స్ జీపు సైలెన్సరు కట్టడానికి జాకీ వేసి కిందకి దూరాడు, అడ్డం ఏం పెట్టలా, జాకీ బాగుందని నమ్మకం. పడుకుని పైన క్లాంపు తిప్పతా ఉంటే కిందకి దిగుతుందని ఆయనకి తెలవలా, ఛాతీకి తగిలినప్పుడే తెలిసింది. మేం నలుగురం ఉండబట్టి బంపరు పట్టి ఎత్తాం. జబ్బ ఎముక విరిగింది, మనిషి దక్కాడు. ఇప్పటికీ ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు.

టైర్లంగడి తమ్ముడూ, జాకీ బాగయినా కూడా స్టాండు పెట్టుకో. స్టాండ్లు లేనప్పుడు జామాయిల్ మొద్దులు, సరుగుడు మొద్దులు మన దగ్గర కావాల్సినన్ని దొరుకుతాయి, అడ్డంగా కోయించి పెట్టుకోండి. ఇటుకలు పెట్టబాకండి, బొక్కల సిమెంటు దిమ్మెలు అసలే పెట్టబాకండి, చెప్పాపెట్టకుండా పొడైపోతాయి. మాకు క్వారీ రాళ్ళు ముక్కలు ఊరకే దొరుకుతాయని కొంతమంది అవి పెడతారు, రాయి మీద ఇనుము జారుతుంది.

కావలి టైర్లంగడి

ఉలవపాడన్నా, మీ మాట చదివి ఈరోజే సరుగుడు మొద్దులు ఎనిమిది కోయించినా.

అక్కా, మీరు చెప్పింది చెప్పినట్టు జరిగింది. సీసాలో పోసి పెడితే పొద్దునకి రెండు పొరలు. పైన తేనె రంగు, కింద రెండు వేళ్ళ మందాన నల్లటి టీ డికాషను మాదిరి. పిల్లోణ్ణి పిలిచి చూపించినా, వాడు ఆ సీసా చేతిలో పట్టుకోని చాలాసేపు చూసినాడు.

ఆదివారం అంగడి మూసినాక విప్పినాం, నాయన కూడా కుర్చీ వేసుకోని కూర్చున్నాడు. స్ప్రింగులు ఊడదీసి, పంపూ సిలిండరూ కలిసుండే పవర్ యూనిట్ బోల్టులు తీసి బయటికి లాగి, ముందున్న పెద్ద నట్టుని పైపు రెంచితో తిప్పితే ముగ్గురం వేలాడితే గానీ రాలా. ప్రతిదీ తీసేముందు ఫోన్లో ఫోటో తీసినా. పెద్ద పళ్ళెం కింద పెట్టుకోని తీసినాం కాబట్టి బాల్సు పోలా, లేకపోతే ఒకటి పక్క కాలవలోకి దొర్లేది.

పెద్ద పిస్టన్ మీద సీలు వేలితో నొక్కితే ఉడికిన వంకాయ మాదిరి మెత్తగా ఉండాది, నొక్కిన చోట గోరు ముద్ర పడి అట్టానే ఉండిపోయింది. దాని పెదవి ఒక పక్క చినిగుండాది. ట్యాంకు అడుగున నల్లటి మడ్డి, దాంట్లో తుప్పు రేణువులు, వేళ్ళ మధ్య రుద్దితే ఇసకలా గరగర. పిస్టన్ రాడ్డు మీద ఆవగింజంత తుప్పు మచ్చలు ఏడెనిమిది ఉండాయి. రిలీజ్ వాల్వు బాల్ తీసి దాని సీటు మీద టార్చి వేసి చూస్తే సన్నటి తెల్లటి రింగు కనపడింది కానీ ఒక చోట, గడియారంలో ఆరు దగ్గర నుంచి ఎనిమిది దాకా, తెగి నల్లగా ఉండాది. ఇదేనా కారే చోటు? సీటు చెడితే బాడీ మొత్తం పోయినట్టేనా?

ఒంగోలు పాత మెకానిక్

పోలేదు అబ్బాయ్, నీ జాకీ బతికే జాకీ. ఆ తెగిన చోటే కారేది. సీలు ఒకటి, సీటు ఒకటి, రెండూ ఉన్నాయి నీకు, ఒక్క సీలు మార్చి ఊరుకునుంటే మళ్ళీ దిగేది.

సీటు పని జాగ్రత్తగా చెప్తా విను. రిలీజ్ వాల్వు బాల్ సైజు కొలుచుకుని సైకిల్ షాపుకి పో. సైకిల్ వెనక చక్రం హబ్బులో ఉండేవి పావు అంగుళం బాల్సు, ముందు చక్రంవి 3/16. నీదాంట్లో ఏది సరిపోతే అది, కొత్తవి ఒక అరడజను తెచ్చుకో, పాతవి వద్దు. సీటు బెజ్జాన్ని శుభ్రంగా తుడిచి కొత్త బాల్ దాంట్లో పెట్టి, దాని మీద ఇత్తడి కడ్డీ నిలువుగా పెట్టి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ. మరీ గట్టిగా కాదు, కొబ్బరికాయ చిప్ప పగలకుండా తట్టి చూస్తామే దానికంటే కొంచెం ఎక్కువ. కడ్డీ వంకరగా ఉంటే సీటు ఓ పక్కకి పడిద్ది, అందుకని ఇంకొకరిని పట్టుకోమను. బాల్ తీసి టార్చి వేసి చూడు, రింగు మొత్తం తెల్లగా కలిసిందా సరే, కలవకపోతే ఇంకొక్క దెబ్బ. దెబ్బ తిన్న బాల్‌ని పారేసి ఇంకో కొత్త బాల్ వేసి బిగించు. ఆ బాల్ మళ్ళీ వాడబాక, దాని మీద కంటికి కనపడని చదును పడుంటది. మధ్య బాల్ సీట్లు కూడా విప్పావు కాబట్టి చూడు, రింగు బాగుంటే ముట్టుకోబాక.

రాడ్డు మీద మచ్చల్ని గోటితో గీరు. గోరు తట్టుకోకపోతే 1000 నంబరు వాటర్ పేపరుకి ఆయిలు రాసి రాడ్డు చుట్టూ తిప్పుతా రుద్దు, నిలువుగా రుద్దితే గీతలు పడి వాటి వెంట ఆయిలు వస్తది. గోరు గుంటలో పడితే మాత్రం రుద్దడంతో పోదు, హార్డ్ క్రోమ్ వేయించాల్సిందే, దానికి చెన్నైకో విజయవాడకో పంపాల.

ఒక స్క్రూ ఉంటది, పైన మూత బిగించి ఉంటది, లోపల స్ప్రింగూ బాలూ. అది ఓవర్‌లోడ్ వాల్వు. దాన్ని తాకబాక. ఎంత బరువు దాకా ఎత్తాలో కట్టేసేది అదే, ఒక తిరుగుడు ఎక్కువ బిగిస్తే ఎత్తకూడని బరువు ఎత్తి చేయి విరిగిద్ది, తక్కువ బిగిస్తే ఎత్తనే ఎత్తదు.

ఒంగోలు సీల్స్ అక్క

తమ్ముడూ, బిగించేటప్పుడు మూడు మాటలు. సీలుకి లోపలి గాడి, పెదవులు ఉన్న వైపు ఆయిలు ప్రెషరు వచ్చే వైపుకి ఉండాలి, అంటే సిలిండరు అడుగు వైపు. తిరగేసి వేస్తే మొదటి స్ట్రోకుకే ఆయిలు దాటిపోతుంది, సీలు చెడ్డదని మా మీదకొస్తారు. ఓ రింగు పక్కన తెల్లటి టెఫ్లాన్ రింగు ఉంటుంది, పనికిరాని వాషరేమో అని పారేస్తారు, అది లేకపోతే ఆ ప్రెషరుకి ఓ రింగు సందులోకి దూరి అంచు కొరికినట్టు అయిపోతుంది. అది ప్రెషరు వచ్చే వైపు కాకుండా అవతలి పక్కన ఉండాలి. మూడోది, సీలు మరల మీదగా పోవాల్సొచ్చినప్పుడు మరలకి పాల ప్యాకెట్ కవరు చుట్టి దాని మీదగా జార్చు, మరల అంచులు బ్లేడు లాంటివి. సీలుకి గ్రీజు వద్దు, లోపల పోసే ఆయిలే రాయి.

కొలతలు పంపితే నెల్లూరు ఆటోనగర్లో దొరుకుతుందో నా దగ్గరే ఉందో చూసి చెప్తా, నీకు ఏది దగ్గరైతే అది తీసుకో.

కందుకూరు ట్రాక్టరు

ఇదంతా చదివాక నా జాకీలో గేరాయిలు వంపేశాను. చీమకుర్తి తమ్ముడు చెప్పినట్టు ట్రాలీ కింద పెట్టి గడియారం చూశా, అరగంటలో అంగుళం దిగింది. రెండేళ్ళ నుంచి బాగుందనుకుంటన్నా, అరగంట ఆగి ఎప్పుడూ చూడలేదు. నేనూ విప్పుతున్నా. టైర్లంగడి తమ్ముడూ అయినాక ఎట్టా ఉందో రాయి.

చీమకుర్తి క్వారీ

అన్నా మంచి పని చేశారు. ఇద్దరికీ చెప్తన్నా, బిగించినాక ఆయిలు పోసేటప్పుడు జాకీ చేయి పూర్తిగా కిందకి దించి, నేల చదునుగా ఉన్నచోట పెట్టి, బిరడా బెజ్జం కింది అంచు దాకానే పొయ్యండి. నిండా పోస్తే గాలికి చోటు లేక బిరడా దగ్గర కక్కుతది. వాల్వు వదులు చేసి హ్యాండిల్ నిండుగా పదిహేను ఇరవై సార్లు కొట్టి, మళ్ళీ మట్టం చూసి, తగ్గినంత పొయ్యండి. పరీక్ష పెట్టేటప్పుడు కళ్ళతో చూసి నిలబడిందనొద్దు. చేయి పక్కన స్కేలు నిలబెట్టి చాక్‌పీసుతో గీత పెట్టి, కింద ఒక వేలు సందు ఉండేలా మొద్దులు పేర్చి, రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున, మధ్యాహ్నం రెండు పూటలా చూడండి.

కావలి టైర్లంగడి

అయిపోయింది. చాలా ఆలస్యంగా రాస్తుండా, సీలు కోసం ఆగాల్సొచ్చింది.

సీటుకి రెండు దెబ్బలు పట్టింది. మొదటి దెబ్బకి రింగు దాదాపు కలిసింది, ఏడు దగ్గర ఇంకా సన్నగా నల్లగా ఉండాది, నాయన లేచొచ్చి కడ్డీ తనే పట్టుకున్నాడు, నన్ను కొట్టమన్నాడు, రెండో దెబ్బకి రింగు మొత్తం దారం చుట్టినట్టు తెల్లగా వచ్చింది. రాడ్డు మీద మచ్చలు గోటికి తగల్లా, వాటర్ పేపరుతోనే పోయినాయి, రెండు చోట్ల మాత్రం చాయ మిగిలింది. జాయింటు పిన్ను కూడా అరిగుండాదని అప్పుడు చూసినా, లేత్ మిషను దగ్గర కొత్తది చేయించి వేసినా. ఓవర్‌లోడ్ వాల్వు జోలికి పోలా.

మొదటిసారి బిగించి లేపితే లేవలా, హ్యాండిల్ ఊరికే ఊగింది, గుండె జారింది. తర్వాత వాల్వు వదులు చేసి ఇరవై సార్లు కొట్టినాక గాలి పోయి పట్టుకుంది. శనివారం రాత్రి మా పక్కింటోళ్ళ బొలెరో ముందు పక్క లేపి, మొద్దులు పేర్చి, స్కేలు పక్కన గీత పెట్టి పడుకున్నాం. పొద్దున ఆరింటికి పోయి చూస్తే గీత ఉన్నచోటే ఉన్నట్టుండాది, దగ్గరకి పోయి స్కేలు పెడితే ఒకటిన్నర ఎంఎం తేడా. మధ్యాహ్నం రెండింటికి చూస్తే ఇంకో అర ఎంఎం. అంతకుముందు ఆ టైముకి మూడు నిమిషాల్లో నాలుగు వేళ్ళు దిగేది.

ఇదే రకం పాత జాకీ ఎవరి దగ్గరన్నా ఉంటే పనికొస్తదని కొలతలు రాస్తుండా, కొనే ముందు మీ జాకీ ఇనుము కొలుచుకోండి. సిలిండరు బోరు 40, పిస్టన్ గాడి అడుగు 30, రిలీజ్ వాల్వు బాల్ పావు అంగుళం, మధ్య బాల్ 3/16, ఆయిలు 32 నంబరు, నాకు పట్టింది ముప్పావు లీటరుకి కొంచెం తక్కువ. బిరడా పక్కన తెల్ల పెయింటుతో పెద్దగా "హైడ్రాలిక్ ఆయిల్ 32 మాత్రమే" అని పిల్లోడి చేతే రాయించినా. సరుగుడు మొద్దులు జాకీ పక్కనే పెట్టుకుంటుండాం, చక్రం తీసేముందు పిల్లోడు చెప్పకుండానే పెడుతుండాడు.

కందుకూరన్నా, మీ జాకీ బోరు ఎంతుందో చూసి చెప్పండి, నా దగ్గర ఒక సీలు మిగిలుండాది, సరిపోతే పంపిస్తా.